సీట్లు నిండినా నష్టమెందుకొచ్చింది? గల్ఫ్ దారిలో ఎయిరిండియా

నారాయణపేట, కల్వకుర్తి, దేవరకొండ వైపు నుంచి గల్ఫ్ పోయినవాళ్లు తరచూ ఒక మాట అడుగుతారు. "పండుగ ముందు టికెట్టే దొరకదు, విమానం కిక్కిరిసి వస్తది. మరి సర్కారు విమానం ఎట్ల మునిగింది?" అడగాల్సిన ప్రశ్నే. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో విలీనమైనప్పటి నుంచి టాటాలకు అమ్మేదాకా ఎయిరిండియా ఒక్క ఏడాది కూడా నికర లాభం చూడలేదు. 2021లో అమ్మకం నాటికి రోజుకు సుమారు 20 కోట్లు పోతున్నాయని కేంద్రమే చెప్పింది. కానీ ఆ లోటుకు కారణం కూలీల సీట్లు కావు. సాక్ష్యం ఆ ఇంట్లోనే ఉంది.

2005 ఏప్రిల్‌లో అదే సంస్థ ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌ను గల్ఫ్ కోసం పెట్టింది. చౌక టికెట్టు, కేరళ ఊళ్ల నుంచి ఎక్కువ సర్వీసులు. సర్కారు చేతిలో ఉండగానే 2015-16 నుంచి వరుసగా కొన్నేళ్లు లాభాలు చూపింది. ఎక్కినవాళ్లు మేస్త్రీలు, డ్రైవర్లు, ఇంటి పనివాళ్లే. తేడా నడిపిన తీరులో ఉంది. అప్పట్లో ఎక్స్‌ప్రెస్ దగ్గర ఉన్నది బోయింగ్ 737-800 ఒక్క రకమే. పైలట్‌కు శిక్షణ ఒకే రకం మీద, ఇంజనీరు లైసెన్సు ఒకే రకానికి, గోదాములో విడిభాగాలూ ఒకే రకానివి. తల్లి సంస్థ ఎయిరిండియాలో ఎయిర్‌బస్ ఏ319, ఏ320, ఏ321, బోయింగ్ 747, 777, 787 అన్నీ ఉండేవి. ఎయిర్‌బస్ పైలట్ ఖాళీగా కూర్చున్నా బోయింగ్ నడపలేడు. డబ్బు చాలక విడిభాగాలు రాకపోతే, నేల మీదున్న విమానం నుంచి ఊడదీసి ఎగిరేదానికి బిగించేవారు. అట్లా నేల మీదున్నది నెలల తరబడి లేవదు, దాని అప్పు వడ్డీ మాత్రం ఆగదు.

గల్ఫ్ రూట్లో లాభమంతా విమానం రోజుకు ఎన్ని గంటలు గాలిలో ఉందన్న దాని మీదే. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు నాలుగు గంటలు. పోయిరావడానికి ఎనిమిది, మధ్యలో గంటో గంటన్నరో నేల మీద. 24 గంటల్లో ఒకవైపు ప్రయాణాలు మూడు చేస్తేనే గాలిలో పన్నెండు గంటలు పడతాయి. ఆ నేల మీది గంటలోనే మనుషులు దిగాలి, లోపల ఊడ్వాలి, ఇంధనం పోయాలి, సామాను మారాలి. 737లో సామాను కంటెయినర్లలో పోదు, మనుషులే ఒక్కొక్క పెట్టె చేత్తో పేర్చాలి. అటు నుంచి వచ్చేటప్పుడు మనిషికి 30 కిలోల లెక్కన 186 సీట్లకు ఐదున్నర టన్నులు. తాళ్లతో కట్టిన దుప్పట్ల మూటలు, గుండ్రటి బ్యాగులు బెల్టు మీద ఇరుక్కుంటాయి. అందుకే చదునైన వైపు లేని సామాను తీసుకోబోమని దుబాయ్ విమానాశ్రయం 2017లో నిబంధన పెట్టింది. ఇక్కడ నలభై నిమిషాలు పోతే తర్వాతి ట్రిప్పూ ఆలస్యమే. రెండు మూడు ఆలస్యాలు కలిస్తే సిబ్బంది డ్యూటీ గంటలు దాటిపోతాయి, వేరే సిబ్బంది దొరికేదాకా విమానం కదలదు. స్పేర్ విమానం లేని సంస్థకు ఆ దెబ్బ వారమంతా తగులుతుంది.

అసలు బరువు అప్పు. 2005-06లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండు ప్రభుత్వ సంస్థలూ కలిపి 111 విమానాలకు ఆర్డరు ఇచ్చాయి. అప్పుడు డాలరు 45 రూపాయల చుట్టుపక్కల ఉంది, 2021కి 74 దాకా పోయింది. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపారు గానీ జీతాలు, సీనియారిటీ, శిక్షణ ఏళ్లకేళ్లు కలవలేదు. 2012లో పైలట్ల సమ్మె 58 రోజులు సాగింది. 2021 ఆగస్టు చివరికి అప్పు 61,562 కోట్లు. టాటాలు 18,000 కోట్లకు తీసుకున్నప్పుడు అందులో నగదు 2,700 కోట్లే, 15,300 కోట్లు అప్పు మీదేసుకున్నారు. మిగిలిన 46,262 కోట్లు ప్రభుత్వ సంస్థకే చుట్టుకున్నాయి, అంటే మన పన్నులకే.

పోటీ కూడా సమానం కాదు. దుబాయ్‌తో ఒప్పందం ప్రకారం మన సంస్థలకూ అటు సంస్థలకూ వారానికి చెరి దాదాపు 66 వేల సీట్లు. కాగితం మీద సమానమే. కానీ దుబాయ్ సంస్థ ఎమిరేట్స్ విమానంలో శంషాబాద్‌లో ఎక్కిన కూలీ పక్కనే దుబాయ్‌లో మారి అమెరికా పోయే ఇంజనీరు కూడా ఉంటాడు. ఎయిరిండియాకు హైదరాబాద్ - దుబాయ్ రూట్లో ఆ రెండు ఊళ్ల ప్రయాణికులే దిక్కు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. 1990లో కువైట్ మీద ఇరాక్ దాడి చేసినప్పుడు జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి లక్ష మందికి పైగా తెచ్చింది ఈ సంస్థే. యూఏఈ నుంచి శవాన్ని తేవడానికి కిలోల లెక్క ఎత్తేసి 2019లో పెద్దవాళ్లకు 1,500 దిర్హాములని ఒకే రేటు పెట్టింది కూడా ఇదే. ఇవి చేయాల్సిన పనులే. కానీ వాటి ఖర్చు ప్రభుత్వం వెంటనే చెల్లించాలి. వీవీఐపీ ప్రయాణాలవి, తరలింపు విమానాలవి కలిపి సంస్థకు ప్రభుత్వ శాఖల బాకీ వెయ్యి కోట్లు దాటిందని 2018లో సమాచార హక్కు జవాబులో బయటపడింది. తనకు రావాల్సింది రాక, బ్యాంకుకు వడ్డీ కట్టుకుంటూ నడిచింది.

ఇప్పుడు అది ప్రైవేటు సంస్థ. టికెట్టు కొనేటప్పుడు మన జాగ్రత్త మనదే. ముంబై, ఢిల్లీల్లో మారాల్సి వస్తే రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండాలి. ఏజెంటు చౌకగా వస్తదని రెండు టికెట్లు విడిగా కొనిస్తే, మొదటిది ఆలస్యమైనా రెండోదానికి ఎవరూ పూచీ పడరు. గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ సాధారణంగా మొదట దిగిన ఊళ్లోనే అవుతుంది కాబట్టి మధ్యలో కనీసం మూడు నాలుగు గంటలు చూసుకోవాలి. ముందుగా చెప్పకుండా భారతీయ సంస్థ విమానం రద్దు చేస్తే, రెండు గంటలకు మించిన ప్రయాణానికి 10,000 రూపాయలు గానీ మూల ఛార్జీ, ఇంధన ఛార్జీల మొత్తం గానీ, ఏది తక్కువైతే అది పరిహారంగా రావాలి. వాతావరణం వంటి కారణాలకు వర్తించదు. సామాను పగిలితే అక్కడికక్కడే కౌంటర్లో ఫిర్యాదు కాగితం రాయించుకోవాలి, లిఖితపూర్వకంగా ఏడు రోజుల్లోపు పంపాలి. ఆలస్యంగా చేరిన సామానుకు గడువు చేతికందిన నాటి నుంచి 21 రోజులు.