తొమ్మిదో ఐటమ్ మీద ఎర్రగీత

మా నీటి సరఫరా విభాగం కొత్త ఆపరేషన్స్ కేంద్రానికి ఇంజనీరుగా నేను వేసిన ఎస్టిమేటు వెనక్కి వచ్చింది. తొమ్మిదో ఐటమ్ మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత, పక్కన మార్జినులో "ప్రస్తుతానికి అవసరం లేదు, తరువాత చూడవచ్చును" అన్న మాట, దాని కింద ఒక పొట్టి సంతకం ఉన్నాయి. అంత లావు ఫైలులో మిగిలిన దేని మీదా నాకు పేచీ లేదు. ఆ ఒక్క మాటే మధ్యాహ్నం నుంచి నన్ను పీక్కు తింటోంది. అన్నం కెలుకుతున్నావేమని అత్తమ్మ అడిగితే ఎండకు ఆకలి లేదన్నాను. కర్నూలులో ఆ కారణాన్ని ఎవరూ కాదనరు.

కొత్త ఆపరేషన్స్ కేంద్రం గురించి ఇక్కడ ఇదివరకే విసిగించాను గనుక మొదటి నుంచి చెప్పను. ఫిర్యాదుల గది ఒక చోట, స్టోరు ఇంకో చోట, ట్యాంకర్లు ఎవరి ఖాళీ స్థలంలోనో, లీకేజీ గ్యాంగు మాత్రం ఏ చెట్టు నీడ దొరికితే అక్కడ అన్నట్టుగా ఇన్నాళ్ళూ నడిచిన నీటి సరఫరా పనినంతా ఒక్క ప్రహరీ లోపలికి తేవాలన్నదే ఆలోచన. పంపుల కంట్రోలు రూము, నీటి పరీక్షల ల్యాబు, పైపుల యార్డు, జనరేటరు, రాత్రి డ్యూటీవాళ్ళకు నడుము వాల్చుకునే గది అన్నీ అందులోనే ఉంటాయి. ఆ చివరి గది గురించి ఒక మంచి మాట: ఆడవాళ్ళకు వేరుగా ఒక గది, దానికి ఆనుకుని మరుగుదొడ్డి ఉండాలని నేను గీసినది ఎవరూ ముట్టుకోకుండా ఆమోదం పొందింది. దీనికి సంతోషించాను. ఆ సంతోషం తొమ్మిదో ఐటమ్ కంటబడేదాకే నిలిచింది.

తొమ్మిదో ఐటమ్ గ్రావెల్ ఫిల్లింగ్. స్థలం రెండెకరాలు, హంద్రీ నదికి మరీ దూరం కాదు, రోడ్డు కంటే పల్లం. మొత్తాన్ని మీటరున్నర లేపాలని రాశాను. ఎందుకు తీసేశారని పోయి అడిగితే, ఆ గీత గీసిన మా పై అధికారి సారు కోపగించుకోలేదు. కోపగించుకుని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. "ఏమ్మా, మనం కడుతున్నది ఆనకట్టా, ఆఫీసా? ముందు శాంక్షన్ అమౌంటులో ఇమడనీ. కావాలంటే పని మొదలయ్యాక డీవియేషన్ పెట్టుకుందాం" అన్నారు. గదిలో ఉన్నవాళ్ళందరూ తలలూపారు, నా పక్కన కూర్చున్న డ్రాఫ్ట్స్‌మన్‌తో సహా. నిన్న సాయంత్రం మీటరున్నర కూడా చాలదేమో మేడమ్ అన్నది ఆయనే.

డీవియేషన్ అంటే మంజూరైన అంచనాకు తరువాత చేసే మార్పు. అది పెట్టుకుందాం అన్న మాట మా వృత్తిలో ఎంత తేలికగా వాడతారో, దాని వెనక ఎంత ఖర్చు నక్కి ఉంటుందో బయటివాళ్ళకు తెలియదు. మన రాష్ట్రంలో శాతం టెండర్లకు, అంటే అంచనా మీద ఇంత శాతం ఎక్కువనో తక్కువనో వేసే టెండర్లకు, 2003 జూలై నాటి ఉత్తర్వుతో వచ్చిన పద్ధతి ఒకటి ఉంది. అంచనా విలువ కంటే 5 శాతానికి మించి ఎక్కువ వేస్తే ఆ టెండరు చెల్లదు. తక్కువ ఎంతైనా వేయవచ్చు గానీ, 25 శాతం కంటే కిందికి దిగినవాడు ఆ తేడాకు డీడీ గానీ బ్యాంకు గ్యారంటీ గానీ అదనంగా కట్టాలి. ఇ.ఎం.డి. (ధరావతు) కింద బిడ్‌తో పాటు 1 శాతం, అగ్రిమెంటు నాడు మరో 1.5 శాతం చెల్లించాలి. నిబంధనలు బాగానే ఉన్నాయి. అయితే అవన్నీ షెడ్యూలులో ఉన్న ఐటముల మీద పనిచేస్తాయే తప్ప, మనం కావాలని బయట ఉంచిన ఐటమ్ మీద పనిచేయవు. ఆ పల్లాన్ని చూసిన ప్రతి కాంట్రాక్టరుకూ రేపో మాపో గ్రావెల్ రాక తప్పదని అర్థమవుతుంది. ఆ లోగుట్టు నమ్ముకున్నవాడు మిగతా పనికి ఇరవై శాతం లెస్ వేసి ఎల్-1గా, అంటే అందరికంటే తక్కువ వేసినవాడిగా నిలుస్తాడు, షెడ్యూలులో ఉన్నదే పని అని నమ్మి లెక్క వేసుకున్నవాడు ఇంటికి పోతాడు. కొన్ని నెలలు గడిచాక, షెడ్యూలులో లేని ఆ గ్రావెల్ సప్లిమెంటల్ ఐటమ్‌గా పుడుతుంది, దానికి రేటు కుదరాలి, క్వారీ నుంచి లీడ్ (తోలే దూరం) ఎన్ని కిలోమీటర్లో తేలాలి, ఫైలు కింది నుంచి పైకీ పైనుంచి కిందికీ తిరగాలి. ఈలోగా గోడల కింది ప్లింత్ బీములు పోసేసి ఉంటారు. నేల ఎత్తు తేలకముందే నేల మీది గోడలు లేచిపోతాయన్నమాట.

ముందు తక్కువ చూపించి తరువాత చూసుకుందామనడం ఈ జిల్లాకు కొత్త కాదని నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు-కడప కాలువ తవ్వకం మొదలుపెట్టినప్పుడు కూడా ప్రభుత్వం వడ్డీకి హామీ ఇచ్చిన పెట్టుబడి చాలక, మళ్ళీ ప్రభుత్వమే అప్పిచ్చి, చివరకు 1882లో ఆ కాలువను ప్రభుత్వమే కొనుక్కోవలసి వచ్చింది. హంద్రీ మీద అక్విడక్టు దాటి ఊళ్ళోంచి పోతున్నది ఆ కాలువే. కానీ ఆ కథ గుర్తు చేసుకుంటే కోపం తగ్గకపోగా పెరిగింది, ఎందుకంటే కాలువ కనీసం దక్కింది, మునిగిన ఆఫీసులో మాకు ఏమి దక్కిందో నేను కళ్ళారా చూశాను.

2009 అక్టోబరు 2. గాంధీ జయంతి సెలవు, నేను ఉద్యోగంలో చేరిన కొత్త. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊరి మీద పడ్డాయి. ఎగువన సుంకేసుల బ్యారేజీ దెబ్బతిన్నది, మంత్రాలయం మునిగింది, దిగువన శ్రీశైలంలో పూర్తి మట్టం 885 అడుగులైతే నీరు దాదాపు 896 దాకా ఎక్కింది. ఇవన్నీ తరువాత కాగితాల్లో చదివి తెలుసుకున్నవి. ఆ రోజుల్లో నాకు తెలిసినదల్లా మా పాత సెక్షన్ ఆఫీసు మాత్రమే. నీళ్ళు తీశాక దాని తలుపును గడ్డపారతో పెకలించవలసి వచ్చింది. లోపల మోకాలి లోతు బురద ఉంది. జనరేటరులోని డీజిలు పైకి తేలి, నాలుగు గోడల మీదా నా భుజాల ఎత్తున నల్లటి చార గీసి పోయింది. పైపులైను డ్రాయింగులన్నీ ఇనుప బీరువా అడుగు అరలో ఉండేవి. బరువైనవి కింద, తేలికవి పైన అని ఎవరో ఎప్పుడో పెట్టిన అమరిక అది. అన్నీ అమ్మోనియా ప్రింట్లు, పాత పద్ధతిలో తీసిన డ్రాయింగు నకళ్ళు. వాటిని ఒక్కొక్కటే బయటికి లాగి, మేడ మీద పరిచి, గాలికి ఎగరకుండా వాల్వు బోల్టులు బరువు పెట్టాము. ఎండినకొద్దీ బురద పెచ్చులుగా లేచింది, దానితో పాటు గీతలూ లేచాయి. ఒక షీటు మీద "ఎస్.వి. 12 అంగుళాలు" అన్న అక్షరాలు శుభ్రంగా మిగిలాయి, ఆ వాల్వు ఏ వీధిలో ఉందో చూపించే గీత మాత్రం పోయింది. ఆ షీటు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

పగిలిన లైన్లను విడదీసి, కడిగి, క్లోరిన్ ఎక్కువ మోతాదులో నింపి ఉంచి, ఆ తరువాతే కొళాయిలకు నీళ్ళు వదలాలి. అందుకు ముందు వాల్వులు దొరకాలి, వీధులన్నీ ఒండ్రు కింద ఉన్నాయి. రిటైరుమెంటుకు దగ్గరపడిన ఫిట్టరు తాత ఒకాయన బుధవారపేటలో ఒక ఇంటి అరుగు దగ్గర నిలబడి, గోడను ఒకసారి చేత్తో తడిమి, అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి ఆగి, గడ్డపార దించాడు. "ఈడనే ఉండాది మ్మా, తవ్విపీయండి" అన్నాడు. తవ్వితే మూత తగిలింది. అలా ఎన్నో వాల్వులు ఆయన కాళ్ళు చెప్పినచోటే దొరికాయి. ఆ అడుగుల లెక్కను అప్పుడే కూర్చుని రాసుకోవాలని ఆఫీసులో ఎవరికీ తోచలేదు. ఆయన రిటైరయ్యాక కొన్ని వాల్వులు మళ్ళీ కనిపించకుండా పోయాయి. అందుకే కొత్త కేంద్రంలో రికార్డు గది ఎంత పెద్దది కావాలని అడిగితే నేను సిగ్గు లేకుండా అందరికంటే పెద్దది అడుగుతున్నాను.

ఇంతవరకు రాసి, సారు మీద ఇంకో పేరా రాయబోతూ, నా లెక్కను మళ్ళీ ఒకసారి వేసి చూశాను. రెండెకరాలంటే సుమారు 8,100 చదరపు మీటర్లు. మీటరున్నర ఎత్తుకు 12,000 ఘనపు మీటర్లు దాటుతుంది, రోలరు తొక్కితే అణిగేది వేరు. టిప్పరుకు పది ఘనపు మీటర్లు వేసుకున్నా 1,200 ట్రిప్పులు తోలాలి. ఇంతా చేసి ఆ కొత్త మట్టి మీద పునాది వేయకూడదు, కింద నల్లరేగడి దాటి గట్టి నేల దొరికేదాకా దిగాల్సిందే. అంటే ఫిల్లింగ్ ఎంత ఎత్తు పోస్తే స్తంభం అంత పొడవు. పైగా ఆ రెండెకరాలు దిమ్మెలా లేస్తే ఇప్పుడు అక్కడ నిలుస్తున్న వాననీరు పక్క కాలనీ ఇళ్ళలోకి పోతుంది. ఆ ఇళ్ళవాళ్ళు రేపు కొళాయి నీళ్ళు రాలేదని ఫిర్యాదు చేయడానికి రావలసింది కూడా మా దగ్గరికే.

అసలు ఎత్తున ఉండవలసినవి ఏవి? డ్రాయింగులు, కంప్యూటర్లు, ప్యానెల్ బోర్డులు, జనరేటరు, ల్యాబు రసాయనాలు. డి.ఐ. (ఇనుప) పైపుకు వరదతో పనేముంది, అది పుట్టిందే మట్టిలో పడి ఉండటానికి. హెచ్.డి.పి.ఇ. (ప్లాస్టిక్) పైపు చుట్టలు మాత్రం నీళ్ళలో తేలి కొట్టుకుపోతాయి, వాటికి కొక్కేలు, గొలుసులు చాలు. ట్యాంకర్లు వరద రోజున యార్డులో ఉంటే అది యార్డు తప్పు కాదు, మా తప్పు. అప్పటికి అవి ఊళ్ళో తిరుగుతూ ఉండాలి. కాబట్టి భవనాన్ని స్తంభాల మీద లేపి, కింద వాహనాలు నిలిపి, కంట్రోలు రూమును, రికార్డును మొదటి అంతస్తుకు ఎక్కించి, జనరేటరుకు వేరే దిమ్మె కట్టి, గ్రావెల్‌ను గేటు నుంచి భవనం దాకా పోయే దారికీ ఆ దిమ్మె చుట్టూరా మాత్రమే పోస్తే, స్థలంలో నాలుగో వంతుకు మించదు. రాత్రి డ్యూటీ గది కూడా పైకి పోవాలి, అంటే ఆ మరుగుదొడ్డి పైపులు మళ్ళీ గీయాలి. ఆమోదం పొందిన ఒక్క గదినీ నేనే కదిలించవలసి రావడం చూస్తే నవ్వు వస్తోంది.

అంటే సారు కొట్టివేసిన అంకెతో నాకు ఇప్పుడు పెద్ద గొడవ లేదు. అయినా కోపం పోలేదు. ఆయన గనుక "మొత్తం వద్దు, భవనం వరకు చూడు" అని రాసి ఉంటే నేను ఈ రాత్రి హాయిగా పడుకునేదాన్ని. ఆయన రాసినది "తరువాత" అని. మట్టం అనేది తరువాత చూసుకునే వస్తువు కాదు. స్తంభం పొడవు, కాలువ వాలు, లారీ ఎక్కే ర్యాంపు, కేబుల్ ట్రెంచి, చివరకు మెట్ల సంఖ్య కూడా దాని వెంటే నడుస్తాయి. గది రంగు తరువాత చూడవచ్చు, కిటికీ గ్రిల్లు తరువాత చూడవచ్చు. నేల ఎంత ఎత్తున ఉంటుందో టెండరు పిలిచేనాటికి తెలియకపోతే అది అంచనా ఎలా అవుతుంది? ఇదంతా ఆయనకు తెలియదా అంటే, నాకంటే బాగా తెలుసు. మార్చి లోపల అగ్రిమెంటు అయిపోవాలన్న తొందరలో తెలిసినవాళ్ళందరం కలిసి తెలియనట్టు సంతకాలు పెడుతున్నాము. ఇంట్లో మా ఆయన నిద్రలో పక్కకు తిరిగి లైటు తీసేయమంటున్నారు. తీసేస్తాను.

స్తంభాల మీద కట్టాలంటే డిజైనూ మారుతుంది, టెక్నికల్ శాంక్షన్‌కు ఫైలు మళ్ళీ పోవాలి. మార్చి అన్న మాట సారు నోట మళ్ళీ వినవలసి వస్తుంది, వింటాను. ఆయన దగ్గరికి ఉత్త చేతులతో మాత్రం పోను. రెండు డ్రాయింగులు, ఖర్చుల మొత్తం చూపే రెండు అబ్‌స్ట్రాక్టులు పక్కపక్కన పెట్టి, ఏ నేల ఏ మట్టమో అంకెలు వేసి చూపిస్తాను. 2009 నీటి చార ఇంకా కనిపించే పాత గోడ ఏదైనా ఆ వీధిలో మిగిలి ఉంటే అక్కడి నుంచే మట్టం మోసుకురావాలి, ఇంటివాళ్ళు సున్నం కొట్టేయకముందే. పొద్దున్నే లెవెల్స్ తీయించాలి. నేల ఎత్తు కొలిచే ఆటో లెవెల్ రోడ్ల సెక్షనువాళ్ళ దగ్గర ఉంది. అడిగితే ఇస్తారు గానీ ట్రైపాడ్ మాత్రం ఎప్పుడూ దొరకలేదంటారు, దాని కోసం మళ్ళీ ఇంకొకరిని బతిమాలుకోవాలి.