సంచి నిండా జంతువులు

"మరి అమ్మమ్మకి నొప్పి పుట్టలేదా?" అంటూ మా చిన్నది దుప్పట్లోంచి లేచి కూర్చుంది. ఇంకేం నిద్ర!

చెప్తున్నది అబెనకీల కథ, అమెరికా ఈశాన్యాన ఉండే ఆదివాసులు వాళ్ళు. వాళ్ళ కథల్లో వీరుడు గ్లుస్కాబే వేటకెళ్తే ఒక్క జంతువూ దొరకదు. అతని అమ్మమ్మ ఒక వుడ్‌చక్, అంటే నేలలో బొరియ తవ్వుకునే ఉడుత జాతి జంతువు. తన పొట్ట మీది వెంట్రుకలు పీకి మనవడికి మాయసంచి చేసిస్తుంది. వీడు అడవిలోకి పోయి "లోకం అంతమైపోతోంది, ఇందులో దూరండి" అని జంతువులన్నిటినీ నింపుకొచ్చేస్తాడు. ఇక వేటకెళ్ళే పనే లేదని మహా సంబరం.

అమ్మమ్మ మెచ్చుకోదు. సంచిలో ఉంటే అవి చచ్చిపోతాయి, రేపు మన పిల్లల పిల్లలు ఏం తింటారు అంటుంది. అంతే. చీవాట్లు లేవు, శాపాలు లేవు. వాడే వెళ్ళి అన్నిటినీ వదిలేస్తాడు. వుడ్‌చక్‌ పొట్ట మీద వెంట్రుకలు లేనిది అందుకేనట.

రేపటికి అజెబాన్ కథ కావాలని మా చిన్నది అప్పుడే ఆర్డరు. జలపాతం కంటే గట్టిగా అరవబోయి అందులో పడిపోయే రకూన్ అనే జంతువు అది. అరుపులు మా చిన్నదే అరుస్తుందట. పక్కింటివాళ్ళకి ముందే చెప్పాలి.

ఈ కథలు చలికాలంలో చెప్పుకోవడం వాళ్ళ ఆనవాయితీ. మేముండే ఈ వెర్మాంట్ రాష్ట్రపు చలి చూశాక ఎందుకని అడగబుద్ధి కాదు. ఈ నేల వాళ్ళదే. మా పెరటి వుడ్‌చక్ కూడా. చిక్కుడు తీగలు కొరికేస్తోందని వేసవంతా దాన్ని తిట్టాను. ఇప్పుడు బొరియలో హాయిగా పడుకుని ఉంటుంది.

"వచ్చే ఏడు చిక్కుడు వేస్తావా మరి?" అంటున్నారు మా ఆయన. వేస్తాను. కంచె కూడా వేస్తాను. అది గ్లుస్కాబే అమ్మమ్మ అయితే మాత్రం!