పర్లాకిమిడి ల్యాబ్ లాగ్: హెల్త్ చెక్ వస్తోంది, మెషీన్ పలకడం లేదు

రెండు బ్యాకెండ్లూ (లోడ్ బ్యాలెన్సర్ వెనక జవాబిచ్చే మెషీన్లు) హెల్దీ! పోయిన ఎంట్రీలో సున్నా బై రెండు దగ్గర ఆగిపోయిన ఇంటర్నల్ పాస్‌త్రూ లోడ్ బ్యాలెన్సర్ (లోపలి నెట్‌వర్క్‌లో వచ్చే అభ్యర్థనలని మెషీన్ల మధ్య పంచేది) ఇప్పుడు పని చేస్తోంది. వెబ్ మెషీన్ నుంచి దాని అడ్రసు 10.20.1.99 ని అడిగితే ఒకసారి ఒక సెర్చ్ మెషీన్, ఇంకోసారి రెండోది జవాబిస్తున్నాయి. ఎక్కడ ఇరుక్కుందో తెలిసిన వేడి మీదే రాసేస్తున్నాను, వారం పోతే సగం వివరాలు మర్చిపోతాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి, పలాస, కాశీనగర్, గుణుపురం మధ్య తిరిగే బస్సులు, రైళ్ల వేళలను తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా చెప్పే చిన్న సెర్చ్ ఇది. ఈ ఊళ్లో సగం మంది ఒక లిపి, సగం మంది ఇంకో లిపి చదువుతారు కాబట్టి రెండూ కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కరెంటు ఎన్నాళ్లు లేదో ఇక్కడివాళ్లందరికీ గుర్తే. అందుకే ఇంట్లో డెస్క్‌టాప్ మీద నడపడం మానేసి గూగుల్ క్లౌడ్ ముంబై రీజియన్‌కి తీసుకెళ్లాను. సెర్చ్ మెషీన్లు రెండు, వేర్వేరు జోన్లలో ఉంటాయి. వాటికి పబ్లిక్ ఐపీ ఇవ్వకూడదన్నది నా పట్టుదల. బయటికి కనిపించేది వెబ్ మెషీన్ ఒక్కటే.

వీపీసీ (క్లౌడ్‌లో నా సొంత నెట్‌వర్క్), అందులో సబ్‌నెట్ 10.20.1.0/24, ఇన్‌స్టెన్స్ గ్రూపులు (మెషీన్ల గుంపులు), ఫార్వర్డింగ్ రూల్ (లోడ్ బ్యాలెన్సర్ ఐపీకి వచ్చినదాన్ని బ్యాకెండ్లకి పంపే నియమం), దానికి రిజర్వు చేసిన 10.20.1.99, లోపలి డీఎన్ఎస్ పేరు: ఇవన్నీ ఓపెన్‌టోఫుతో (కావలసినవి ఫైల్లో రాస్తే క్లౌడ్‌లో కట్టే ప్రోగ్రాం) ఒకే ఊపులో వచ్చేశాయి. కన్సోల్‌లో నొక్కుతూ కట్టేవాళ్లని చూశాను. నేర్చుకునేటప్పుడు అది మంచిది కాదని నా అభిప్రాయం, ఏ బటన్ ఏం పుట్టించిందో తరవాత వెతుక్కోలేం.

ఇక అసలు సంగతి.

పోయిన ఎంట్రీ నాటి పరిస్థితి ఇది: రెండు బ్యాకెండ్లూ అన్‌హెల్దీ. హెల్త్ చెక్ (బ్యాకెండ్ బతికుందో లేదో పదేపదే అడిగి చూసే పరీక్ష) లాగింగ్ ఆన్ చేసి చూస్తే టైమౌట్ అని ఉంది. వెబ్ మెషీన్ నుంచి 10.20.1.99 కి కర్ల్ (వెబ్ అడ్రసుని టెర్మినల్ నుంచి అడిగే కమాండ్) కొడితే అదీ టైమౌటే. అదే వెబ్ మెషీన్ నుంచి సెర్చ్ మెషీన్ సొంత ఐపీ 10.20.1.11 కి కొడితే మాత్రం 2, 3 మిల్లీసెకన్లలో 200 (అంతా సరే అనే జవాబు) వచ్చేస్తోంది. పోర్టు రెండింటికీ 8080 యే. అంటే ప్రోగ్రాం బతికే ఉంది, దారి కూడా ఉంది, లోడ్ బ్యాలెన్సర్ ఐపీ మీదుగా వస్తే మాత్రం పలకడం లేదు.

ఒక్క విషయం ఇక్కడే చెప్పాలి. ఈ రకం లోడ్ బ్యాలెన్సర్‌లో బ్యాకెండ్లన్నీ అన్‌హెల్దీ అయినా ట్రాఫిక్ ఆగిపోదు. గత్యంతరం లేక అన్నింటికీ పంచేస్తుంది. కాబట్టి మామూలుగా అయితే హెల్త్ చెక్ తప్పుగా రాసినా కర్ల్‌కి జవాబు రావాలి. నాకు అదీ రాలేదు. అంటే గొడవ హెల్త్ చెక్‌ది కాదు, దానికంటే కింద ఎక్కడో ఉంది. ఈ ఆనవాలు మొదటి నుంచీ కళ్ల ముందే ఉంది, కానీ దాని విలువ చివర్లో తెలిసింది.

అనుమానం ఒకటి, ఫైర్‌వాల్. ఎవర్ని అడిగినా మొదట ఇదే చెబుతారు, న్యాయమే. హెల్త్ చెక్‌లు 35.191.0.0/16, 130.211.0.0/22 రేంజుల నుంచి వస్తాయి, వాటిని లోపలికి రానివ్వాలి. రూల్ ఉంది, ట్యాగ్ సరిగానే ఉంది. ఫైర్‌వాల్ లాగింగ్ ఆన్ చేస్తే 35.191 తో మొదలయ్యే అడ్రసులు వరసగా అలౌడ్ అని పడుతున్నాయి. కొట్టేశాను.

అనుమానం రెండు, ప్రోగ్రాం 127.0.0.1 మీద మాత్రమే వింటోందా? సాకెట్ల జాబితా చూస్తే 0.0.0.0:8080, అంటే అన్ని అడ్రసుల మీదా వింటోంది. ఇదీ కాదు.

మూడు, మెషీన్ నెమ్మదా? ఈ2 మైక్రో, 1 జీబీ మెమరీ. డిఫాల్ట్‌గా 5 సెకన్లకోసారి చెక్, 5 సెకన్ల టైమౌట్. ఇంటర్వెల్‌ని 10 కి పెంచి చూశాను, ఏ తేడా లేదు. మూడు మిల్లీసెకన్లలో జవాబిచ్చే మెషీన్‌కి 5 సెకన్లు చాలకపోవడమేమిటని తరవాత అనిపించింది గానీ, కొలత చేతిలో ఉంటే మనశ్శాంతి. (ఉచిత కోటా ఈ2 మైక్రో అమెరికాలోని మూడు రీజియన్లకే వర్తిస్తుంది, ముంబైకి కాదు. బిల్లు చూసి కంగారు పడకండి.)

నాలుగు, మెషీన్ లోపలి ఎన్‌ఎఫ్‌టేబుల్స్, అంటే లైనక్స్ సొంత ఫైర్‌వాల్. రూల్స్ ఖాళీ.

ఇక్కడ దారి మూసుకుపోయింది. విశాఖలో నెట్‌వర్క్ పనిలో ఉన్న మా బావకి ఫోన్ చేశాను. అంతా విని ఒకే మాట అడిగాడు: "ఒరే, ఆర్‌ఎస్‌టీ తిరిగి వెళ్తోందా, లేకపోతే అసలు చప్పుడే లేదా? అది చూడకుండా ఫైర్‌వాల్ ఫైర్‌వాల్ అంటావేంటి?"

టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లని చూపే పనిముట్టు) పెట్టాను. 35.191 వైపు నుంచి సిన్ ప్యాకెట్ (కనెక్షన్ మొదలుపెట్టే అభ్యర్థన) వస్తోంది. తిరిగి సిన్-యాక్ (సరే అనే జవాబు) లేదు. ఆర్‌ఎస్‌టీ (కనెక్షన్ వద్దని తిప్పికొట్టే ప్యాకెట్) కూడా లేదు. కాసేపటికి అదే పోర్టు నుంచి మళ్లీ సిన్, మళ్లీ నిశ్శబ్దం. పోర్టు మూసి ఉంటే కెర్నల్ ఆర్‌ఎస్‌టీ పంపేది. ఏదీ పంపలేదంటే ప్యాకెట్ టీసీపీ దాకా వెళ్లనే లేదు, ఐపీ దగ్గరే పోయింది. అప్పుడు ఆ లైనులో గమ్యం అడ్రసు కేసి చూశాను. 10.20.1.11 కాదు, 10.20.1.99.

అవును, పాస్‌త్రూ లోడ్ బ్యాలెన్సర్ అంటేనే అది. ప్రాక్సీ కాదు, మధ్యలో కనెక్షన్ తెగదు, అడ్రసులు మారవు. పంపినవాడి ఐపీ, గమ్యం ఐపీ రెండూ ఉన్నవి ఉన్నట్టే బ్యాకెండ్ దాకా వస్తాయి, జవాబు నేరుగా పంపినవాడికే వెళ్తుంది. హెల్త్ చెక్ కూడా ఫార్వర్డింగ్ రూల్ ఐపీ పేరు మీదే వస్తుంది. కాబట్టి 10.20.1.99 తన అడ్రసేనని మెషీన్ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే, ఐపీ ఫార్వర్డింగ్ (తనవి కాని ప్యాకెట్లని ముందుకి పంపడం) ఆఫ్‌లో ఉన్న లైనక్స్ ఆ ప్యాకెట్‌ని ఏ ఐసీఎంపీ కబురూ (లోపం తెలిపే సందేశం) పంపకుండా పారేస్తుంది.

ఇది ఊహగా వదిలేయడం నాకు ఇష్టం లేదు. కెర్నల్ లెక్కల్లో ఐపీ ఇన్ అడ్రస్ ఎర్రర్స్ అనే కౌంటర్ ఉంటుంది, తనది కాని అడ్రసుకి వచ్చిన ప్యాకెట్లు అందులో పడతాయి. ఒక నిమిషం పాటు డంప్‌నీ కౌంటర్‌నీ పక్కపక్కన పెట్టి చూశాను. డంప్‌లో 96 సిన్‌లు. కౌంటర్ పెరిగింది 96. రివర్స్ పాత్ ఫిల్టర్ (పంపినవాడికి తిరుగుదారి సరిపోని ప్యాకెట్లని పారేసేది) మీద ఉన్న చివరి అనుమానం కూడా దీంతో తీరింది, దాని కౌంటర్ సున్నా దగ్గరే ఉంది.

మరి అందరికీ పని చేసేది నాకెందుకు పని చేయలేదు? దీనికి జవాబు కోసం అదే గ్రూపులో, అదే ట్యాగ్‌తో గూగుల్ ఇచ్చే మామూలు డెబియన్ ఇమేజ్ మీద ఒక మెషీన్ లేపాను. అందులో పైథాన్ ఉంటుంది, దాని చిన్న హెచ్‌టీటీపీ సర్వర్‌ని 8080 మీద నిలబెట్టి, చెక్ అడిగే పేరుతో ఒక ఖాళీ ఫైలు పెట్టాను. కొన్ని సెకన్లలో హెల్దీ! రెండు మెషీన్లలోనూ లోకల్ రూటింగ్ టేబుల్ తీసి పోల్చాను. మామూలు డెబియన్‌లో ఒక లైను ఎక్కువ: లోకల్ 10.20.1.99, డివైస్ ఈఎన్‌ఎస్4, ప్రోటో 66, స్కోప్ హోస్ట్. నా మెషీన్లలో ఆ లైను లేదు.

ఆ అడ్రసు తనదేనని మెషీన్‌కి చెప్పేది ఆ లైనే. దాన్ని పెట్టేది గెస్ట్ ఏజెంట్, గూగుల్ ఇచ్చే ఇమేజ్‌లలో ఉండే ప్రోగ్రాం. మెటాడేటా సర్వర్ (మెషీన్‌కి దాని వివరాలు చెప్పేది) నుంచి తనకి ఏ ఫార్వర్డింగ్ ఐపీలు వస్తాయో తెలుసుకుని రూటు వేస్తుంది. నా సెర్చ్ ఇమేజ్ డీబూట్‌స్ట్రాప్‌తో (డెబియన్‌ని కనీస ప్యాకేజీలతో కట్టే పనిముట్టు) కట్టింది, అందులో ఏజెంట్ లేదు. పబ్లిక్ ఐపీ లేని మెషీన్, క్లౌడ్ న్యాట్ (అలాంటి మెషీన్లకి ఇంటర్నెట్ దారి) కూడా లేకుంటే, ప్యాకేజీలు దించుకోవడం కుదరదు. అందుకే ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), సెర్చ్ ప్రోగ్రాం, ఎస్‌ఎస్‌హెచ్ కీలు అన్నీ ముందే ఇమేజ్‌లో పెట్టాను. ఏజెంట్ చేసే ఇంకో పెద్ద పని యూజర్లని, కీలని అమర్చడం. కీలు ఇమేజ్‌లోనే ఉండడంతో, ఐఏపీ (పబ్లిక్ ఐపీ లేకున్నా లాగిన్ దారి ఇచ్చే గూగుల్ సేవ) ద్వారా 35.235.240.0/20 నుంచి లాగిన్ చక్కగా అయిపోతోంది. అందుకే ఏజెంట్ లేని లోటు ఇన్నాళ్లూ ఎక్కడా బయటపడలేదు.

ముందు చేత్తో ఒక లోకల్ రూటు వేశాను, 10.20.1.99/32. ఎన్‌జిన్‌ఎక్స్‌ని కదపలేదు, రీస్టార్ట్ కూడా చేయలేదు. హెల్దీ థ్రెషోల్డ్ 2, ఇంటర్వెల్ మళ్లీ 5 కి దించాను కాబట్టి పది సెకన్ల లోపు పచ్చ గుర్తు రావాలి, వచ్చింది. కౌంటర్ పెరగడం కూడా ఆ క్షణమే ఆగింది.

రీబూట్ చేస్తే ఆ రూటు పోతుంది. శాశ్వతంగా చేయడానికి రెండు దారులు. గెస్ట్ ఏజెంట్‌ని ఇమేజ్‌లో పెట్టడం ఒకటి. లేదా సిస్టమ్‌డీ సర్వీసు ఒకటి రాసి, బూట్ అయినప్పుడు మెటాడేటా సర్వర్ 169.254.169.254 లోని ఫార్వర్డెడ్ ఐపీల జాబితా చదివి రూట్లు వేయడం. మెటాడేటా ఫ్లేవర్ హెడర్ పెట్టకపోతే అది జవాబివ్వదని గుర్తుంచుకోండి. నేను రెండో దారి రాసి చూశాను, పని చేసింది. అయినా చివరికి ఏజెంట్‌నే పెట్టాను. ఫార్వర్డింగ్ రూల్ తరవాత మార్చినా మెషీన్ నడుస్తుండగానే అది సర్దుకుంటుంది, నా స్క్రిప్టు బూట్‌లో ఒక్కసారే చూస్తుంది.

పాత ఎల్‌వీఎస్ (లైనక్స్‌లోనే ఉండే లోడ్ బ్యాలెన్సర్) డైరెక్ట్ రూటింగ్ చేసినవాళ్లకి ఇదంతా తెలిసిన కథే. అక్కడ ప్రతి రియల్ సర్వర్‌లో లూప్‌బ్యాక్ మీద వీఐపీ (అందరూ పంచుకునే అడ్రసు) పెట్టి, ఆర్ప్ (ఈ ఐపీ ఎవరిదని నెట్‌వర్క్‌లో అడిగే పద్ధతి) ఇగ్నోర్ 1, ఆర్ప్ అనౌన్స్ 2 చేయకపోతే అందరూ ఆ అడ్రసు నాదే అంటారు. క్లౌడ్‌లో ఆర్ప్ తలనొప్పి లేదు, కానీ అడ్రసు నాదేనని మెషీన్ ఒప్పుకోవాల్సిన అవసరం అలాగే ఉంది. అజూర్‌లో మామూలుగా గమ్యం అడ్రసు మార్చి మెషీన్ సొంత ఐపీకే ఇస్తారు, ఫ్లోటింగ్ ఐపీ ఆన్ చేస్తే మాత్రం ఇదే పని మనం చేసుకోవాలి. అక్కడ ప్రోబ్ (హెల్త్ చెక్) 168.63.129.16 నుంచి వస్తుంది. ఏడబ్ల్యూఎస్ ఎన్‌ఎల్‌బీ (నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్) కూడా అడ్రసు మార్చే ఇస్తుంది. మొదటిసారి నేర్చుకునేవాళ్లకి ఆ రెండూ తేలిక. నాకైతే గూగుల్ పద్ధతే నచ్చింది, ప్యాకెట్ ఏ మార్పూ లేకుండా చేతికొస్తుంది, డంప్‌లో కనిపించేదే నిజం.

పరీక్షించేటప్పుడు ఇంకో జాగ్రత్త. బ్యాకెండ్ మెషీన్‌లో కూర్చుని 10.20.1.99 కి కర్ల్ కొట్టి "పని చేస్తోంది" అనుకోకండి. ఆ లోకల్ రూటు ఉన్నందున ప్యాకెట్ బయటికే వెళ్లదు, ఆ మెషీన్ తనకి తానే జవాబిస్తుంది. పరీక్ష ఎప్పుడూ మూడో మెషీన్ నుంచి చేయాలి. ఆ క్లయింటు కూడా అదే రీజియన్‌లో ఉండాలి, వేరే రీజియన్ నుంచి అడగాలంటే గ్లోబల్ యాక్సెస్ ఆన్ చేయాలి.

ఫెయిలోవర్ ఒక్కసారి చూశాను: ఒక ఎన్‌జిన్‌ఎక్స్ ఆపితే దాదాపు 9 సెకన్ల పాటు కొన్ని అభ్యర్థనలు పడిపోయి, తరవాత అంతా రెండోదానికి మళ్లింది. బస్సు వేళలకి ఇది చాలు. ఇంటర్వెల్‌ని 2 సెకన్లకి దించి మళ్లీ కొలవాలి.

తరవాత ఇంటర్నల్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ మొదలుపెడతాను. తెలుగు వెతుకులాట ఒక బ్యాకెండ్‌కి, ఒడియా వెతుకులాట ఇంకోదానికి, పాత్‌ని బట్టి పంపాలని ఆలోచన. అది ఎన్‌వాయ్ అనే ప్రాక్సీ మీద నడుస్తుంది, దానికి విడిగా ప్రాక్సీ ఓన్లీ సబ్‌నెట్ కావాలి. కనీసం /26, గూగుల్ సిఫారసు /23. నేను 10.20.8.0/23 పక్కన పెట్టేశాను. అక్కడ బ్యాకెండ్‌కి కనిపించే ఐపీ క్లయింటుది కాదు, ఆ సబ్‌నెట్‌ది, కాబట్టి ఫైర్‌వాల్‌లో ఆ రేంజ్‌ని కూడా రానివ్వాలి, ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌ని ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ (అసలు క్లయింటు ఐపీ ఉండే హెడర్) చదివేలా మార్చాలి. హెల్త్ చెక్ రేంజులు మాత్రం ఇవే. అది పచ్చబడ్డాక ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద ఎల్‌వీఎస్ పెట్టి, ఆర్ప్ గొడవతో సహా ఇదే కథ మళ్లీ నడిపి, ఇన్ అడ్రస్ ఎర్రర్స్ కౌంటర్ ఎలా కదులుతుందో రాస్తాను.