ఎఫ్ వాల్యూమ్, కత్తెర, గమ్ సీసా

కడపలో ఎండ పదకొండుకే మాడ్చేస్తోంది. పొద్దున్నే ఏడు రోడ్ల దాకా వెళ్లి కారం దోశలు కట్టించుకొచ్చాను. ఆ తర్వాత గడప దాటలేదు. మధ్యాహ్నం ప్రొద్దుటూరు నుంచి చిన్నాయన కొడుకు దిగాడు. ఓడ ఆఫీసరు కావడానికి పెట్టే సెకండ్ మేట్ పరీక్షలో ఓరల్స్ దగ్గర పడ్డాయని మొహం పీక్కుపోయి ఉంది. దోశ కూడా సగమే తిన్నాడు.

సంచిలోంచి లావు పుస్తకమొకటి తీసి నా ముందు పెట్టాడు. అడ్మిరాల్టీ లైట్ లిస్ట్, ఎఫ్ వాల్యూమ్. ఓడలకు దారి చూపే దీపాల జాబితా అది. మన బంగాళాఖాతం తీరంలోని లైట్లు ఈ వాల్యూమ్‌లోనే ఉంటాయి. కొత్త ఎడిషన్ రావడంతో రద్దయిన ప్రతి, ఎవరో సీనియర్ ఇచ్చాడట. ఇలాంటి పుస్తకాల్లో, ఛార్ట్‌లలో (సముద్రపు మ్యాపుల్లో) మార్పులను వారం వారం చెప్పే వీక్లీ నోటీసులు కొన్ని ప్రింట్ కూడా తెచ్చుకున్నాడు. వాటిని వేసే బ్రిటన్ ప్రభుత్వ సంస్థ యూకే హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు నెట్‌లో ఉచితంగానే పెడుతుంది.

"అన్నా, కరెక్షన్ సంగతి చదివితే బుర్రకెక్కలేదు. చేసి చూపిస్తావా?" అన్నాడు.

కత్తెర, గమ్ సీసా తెచ్చి కింద చాప మీద కూర్చున్నాం. వీక్లీ నోటీసుల్లో ఛార్ట్‌ల మార్పులు రెండో సెక్షన్‌లో, లైట్లవి ఐదో సెక్షన్‌లో వస్తాయి. ఐదో సెక్షన్‌ను పుస్తకంలో ఉన్న కాలమ్‌ల వరసలోనే అచ్చు వేస్తారు కాబట్టి ముక్క కత్తిరించి సరిగ్గా పాత ఎంట్రీ మీద పెట్టొచ్చు. నేను ఎడమ అంచుకు మాత్రమే గమ్ రాస్తాను. ముక్క పైకెత్తితే కింద పాతది చదువుకునేలా ఉండాలి. ఏ కాలమ్ మారిందో దాని కింద నక్షత్రం గుర్తు వేస్తారు. మావాడు ముక్కలు చకచకా అంటించేస్తున్నాడు గానీ ఆ గుర్తు వైపే చూడటం లేదు. ఆపి, "దేని ఎత్తు మారింది, దేని రేంజ్ తగ్గింది, ఏది ఆరిపోయింది, అది చెప్పి అంటించు" అన్నాను. స్పీడు వెంటనే తగ్గింది.

నాయన పేపరు పక్కన పెట్టి మా దగ్గరకు కుర్చీ లాక్కున్నాడు. పంతులుగా పనిచేసినన్నాళ్లూ ఓటర్ల జాబితా పని ఆయన నెత్తిన పడేది. "ఇది మా చేర్పులు, తొలగింపులు, సవరణల మాదిరే ఉందే" అన్నాడు. కాకపోతే ఇక్కడ వారం వారం ఎన్నికలే అన్నాను.

నాయన ఊరుకోడుగా, అద్దాలు పెట్టుకుని ఒక పేజీ పట్టుకున్నాడు. ఒకే లైట్‌కు రెండు చోట్ల మీటర్లు ఎందుకున్నాయి అని అడిగాడు. ఒకటి దీపం సముద్రం మీద ఎంత ఎత్తున ఉందో చెబుతుంది. పెద్ద పోటు సమయాల్లో నీళ్లు సగటున ఎంత ఎత్తుకు వస్తాయో అక్కడి నుంచి కొలుస్తారు. రెండోది కట్టడం ఎత్తు, నేల నుంచి. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్‌నే తీసుకుంటే, టవరు ఎత్తు కన్నా దీపం ఎత్తు చాలా ఎక్కువ, మధ్యలో కొండ ఉంది కదా.

"మరి రేంజ్ 25 అని రాసుంటే 25 మైళ్ల నుంచి కనపడాల్సిందేనా?"

ఈ ప్రశ్న మావాడు అడగాల్సింది, నాయన అడిగాడు. లిస్ట్‌లో ఇచ్చేది సాధారణంగా నామినల్ రేంజ్. వాతావరణంలో చూపు 10 నాటికల్ మైళ్లు ఉన్నప్పుడు ఆ వెలుగు ఎంత దూరం అందుతుందనే లెక్క. భూమి గుండ్రంగా ఉన్న సంగతి ఆ అంకెలో లేదు. దానికి వేరే లెక్క ఉంది: దీపం ఎత్తుకు వర్గమూలం, మన కంటి ఎత్తుకు వర్గమూలం కలిపి 2.08తో గుణించాలి. దీపం 49 మీటర్లు, ఓడను నడిపే బ్రిడ్జి మీద నా కన్ను 16 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకుంటే 7కు 4 కలిపి 11. దాదాపు 23 మైళ్లు. అంటే దీపానికి 25 మైళ్ల బలమున్నా 23 దగ్గర పడితే తప్ప అసలు దీపం దిగంతం మీదికి రాదు. అంతకు ముందు ఆకాశంలో వెలుగు మసగ్గా తిరగడం కనిపించొచ్చు. గాలిలో దుమ్మూ తేమా ఉంటే అదీ ఉండదు. మావాడు ఇదంతా నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నాడు. నాయన మాత్రం 7కు 4 కలపడం బాగా కుదిరిందని, ఆ అంకెలు కావాలనే తీసుకున్నావని పట్టేశాడు. లెక్కల పంతులు మరి.

అసలు విషయం మావాడికి చివర్న చెప్పాను. ఛార్ట్ మీద లైట్ ఉంది కదా, లిస్ట్ ఎందుకు అనుకునేవాళ్లు ఓడల్లో చాలామందే ఉన్నారు. లైట్లలో చిన్నా చితకా మార్పులు, ముఖ్యంగా తాత్కాలికమైనవి, చాలావరకు లిస్ట్ కరెక్షన్‌గానే వస్తాయి. ఛార్ట్‌కు నోటీసు రాకపోవచ్చు. తాత్కాలికంగా ఆరిపోయిన లైట్ ఛార్ట్ మీద యథాతథంగా వెలుగుతూనే ఉంటుంది. రాత్రి వాచ్ డ్యూటీలో దానికోసం కళ్లు కాయలు కాచేలా చూసి, కనిపించిన వేరే లైట్‌ను అదే అనుకుంటే? అందుకే కనిపించిన దీపానికి పేరు పెట్టే ముందు స్టాప్‌వాచ్‌తో పీరియడ్, అంటే దాని వెలుగుల వరస ఒక రౌండు తిరగడానికి పట్టే సమయం కొలవాలి, రెండు మూడు రౌండ్లు.

ఓడల భద్రతకు అంతర్జాతీయ ఒప్పందమైన సోలాస్‌లో ఐదో అధ్యాయం 27వ రూల్ పుస్తకాలు అప్‌టుడేట్‌గా ఉండాలంటుంది. రేవులో ఓడను తనిఖీ చేసే పోర్ట్ స్టేట్ ఇన్‌స్పెక్టర్ వస్తే లైట్ లిస్ట్ ముందు పేజీలో ఏ వారం దాకా టిక్కులు పడ్డాయో చూస్తాడు. ఆ పేజీ నిండా సంతకాలుండి లోపల ఒక్క ముక్కా అంటించని వాల్యూమ్‌లు నేను చూశాను. అంత టైమ్ సంతకాలకు పెట్టినవాడు గమ్‌కు ఎందుకు పెట్టడో నాకు అర్థం కాదు.

ఇప్పుడు చాలా ఓడల్లో డిజిటల్ లిస్టే. అప్‌డేట్ ఫైలు మెయిల్‌లో వస్తుంది, నొక్కితే క్షణంలో అయిపోతుంది. కత్తెర పని పోయినందుకు నాకేం బాధ లేదు, ఓడ ఊగుతుంటే ముక్కలు అంటించడం నరకం. కానీ కాగితమైతే అంటించేటప్పుడైనా కన్ను పడేది. డిజిటల్‌లో మన దారిలోని లైట్లలో ఏం మారిందో పనిగట్టుకుని చదవాలి, వారానికో పావుగంట. మావాడికి ఇదే రూలు పెట్టాను.

ఆరింటికి వాడు బస్టాండుకు బయల్దేరాడు. రేడియో సిగ్నల్స్ వాల్యూమ్‌లు, వాటి మార్పులు వచ్చే ఆరో సెక్షన్ ఇంకా ముట్టుకోలేదు. ఆదివారం మళ్లీ వస్తానన్నాడు. ఆరో సెక్షన్ ముందే చదువుకుని రమ్మన్నాను. నాయన కూడా ప్రింట్ తీసి పెట్టమంటున్నాడు.