ఆవిరి పట్టని మోమోలు, నువ్వుల చట్నీ

ఆదివారం, బరంపురం.

పొద్దున్నుంచి ముసురు. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే గాలిలో తేమ ఎంతుందంటే, డబ్బాలో మైదా పిడికిట పడితే ముద్ద కడుతోంది. ఇలాంటి రోజు ఏ పిండి కలిపినా నీళ్లు మామూలు కంటే రెండు చెంచాలు తగ్గించే మొదలుపెట్టాలి. తక్కువైతే పోసుకోవచ్చు, ఎక్కువైతే మళ్లీ పిండి చల్లాలి. చల్లిన పొడిపిండి ఓవెన్‌లో తెల్లగా మిగిలిపోతుంది.

ఇవాళ్టి వంట ఓవెన్‌లో కాల్చిన మోమోలు, అంటే మైదా బిళ్లలో కూర పెట్టి మూసే టిబెటన్ల తిండి. మన వైపు మోమో కొత్త తిండేమీ కాదు. గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు. జిరంగ్‌లో వాళ్ల పెద్ద మఠాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. మఠం చూసొస్తామని బయల్దేరేవాళ్లలో సగం మందికి అసలు పని మోమోలతోనే. అయితే ఆ మోమో ఆవిరి మీద ఉడికేది, కాదంటే నూనెలో వేగేది. అదే పిండిని అలాగే చుట్టి ఓవెన్‌లో పెడితే అప్పచ్చి కాదు, అట్టముక్క వస్తుంది. ఇంట్లో ఓవెన్ మోమోలు చేసి, గట్టిగా వచ్చాయని పెదవి విరిచేవాళ్లంతా ఈ ఒక్క చోటే దెబ్బ తింటున్నారు.

కారణం తేలికే. ఆవిరి పాత్రలో మైదా పొరకి పై నుంచీ కింద నుంచీ తడి తగులుతూనే ఉంటుంది, అందుకని వట్టి నీళ్లూ ఉప్పూ వేసి కలిపినా మెత్తగా ఉడుకుతుంది. ఓవెన్‌లో ఉన్నది పొడి వేడి. పొరలో ఉన్న నీటిని లాగేస్తుంది, మైదాలోని జిగురు బిగుసుకుపోతుంది. ఆ జిగురు బిగుసుకోకుండా మధ్యలో అడ్డుపడాల్సింది కొవ్వు. మధ్య ఆసియాలో తందూరు గోడకి అంటించి కాల్చే సంసా (సమోసా లాంటిది) పిండిలో కొవ్వు పట్టించేది అందుకే. కాబట్టి మోమో పిండి కాదు, కజ్జికాయ పిండి కలుపుతున్నామనుకుంటే సగం పని అయినట్టే.

కొలత: మైదా 250 గ్రాములు, ఉప్పు ముప్పావు టీ చెంచా, నూనె రెండున్నర పెద్ద చెంచాలు, గోరువెచ్చని నీళ్లు 110 నుంచి 115 మిల్లీలీటర్లు. ఇవాళ్టి ముసురుకి 100 దగ్గరే ఆగి చూసుకోవాలి. ముందు నూనె పోసి, పిండంతా పొడిపొడిగా అయ్యేదాకా వేళ్లతో నలపాలి. ఆ తర్వాతే నీళ్లు. రెండూ ఒకేసారి పోస్తే నూనె ఒక చోట, నీళ్లు ఒక చోట పట్టి, కాలాక ఒక మోమో కరకరలాడుతుంది, పక్కది సాగుతుంది. ఎనిమిది నిమిషాలు గట్టిగా మర్దించి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయాలి. ఈ అరగంట తగ్గిస్తే ఒత్తిన బిళ్ల ఒత్తినట్టే వెనక్కి ముడుచుకుంటుంది. మనం కర్రతో దబాయిస్తాం, అది ఇంకా ముడుచుకుంటుంది. గోధుమపిండితో చేయాలనుకుంటే మైదాలో అయిదో వంతు మించి కలపకపోవడం మంచిది. పూర్తిగా గోధుమపిండితో చేసింది ఆరోగ్యమే గానీ మోమో కాదు.

లోపలి కూర సంగతికొస్తే, దీన్ని చెడగొట్టేది నీళ్లే. పావుకిలో క్యాబేజీని సన్నగా తరిగి, ఒక టీ చెంచా ఉప్పు కలిపి, 20 నిమిషాలు పక్కన పెట్టి, గుడ్డలో వేసి పిండాలి. చేత్తో పిండితే పైపైన కారేది మాత్రమే పోతుంది. గుడ్డ మెలిపెడితే లోపలిది దిగుతుంది. క్యాబేజీ బరువులో దాదాపు మూడో వంతు ఈ నీళ్లే. పారబొయ్యక్కర్లేదు, రాత్రి చారులో పోసి ఉప్పు తగ్గించుకుంటే సరి. ఒక క్యారెట్ తురుము, ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు, అంగుళం అల్లం, ఆరు వెల్లుల్లి రెబ్బలు, అన్నీ సన్నగా. పనీరుకి బదులు ఛెనా, అంటే మిఠాయిలకి వాడే మెత్తటి పాలవిరుగుడు, 150 గ్రాములు. ఒడిశాలో ఉన్నందుకు ఇంత తాజా ఛెనా దొరుకుతుంటే, ప్లాస్టిక్ సంచిలో రబ్బరులా ఉండే పనీరు కొనడం ఏం న్యాయం? కాకపోతే మిఠాయి కొట్లో ఛెనా తడిగా ఉంటుంది. గంటసేపు గుడ్డలో వేలాడదీసి, తర్వాత దించి పైన చిన్న రోలు బరువు పెట్టి ఆరబెట్టాలి.

ఒక పెద్ద చెంచా నూనెలో, పెద్ద మంట మీద, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లి ఒక నిమిషం. క్యాబేజీ, క్యారెట్ రెండు నిమిషాలు. అంతే, దించేయాలి. చిన్న మంట మీద చేస్తే కూరగాయలు వేగవు, సొంత నీళ్లలో ఉడుకుతాయి, పిండిన కష్టమంతా వృథా. దించాక ఛెనా, అర టీ చెంచా మిరియాల పొడి, ఒక టీ చెంచా సోయా సాస్, కొత్తిమీర. క్యాబేజీలో ఉప్పు మిగిలే ఉంటుంది, సోయాలోనూ ఉంటుంది. రుచి చూడకుండా మళ్లీ ఉప్పు వేయొద్దు. పళ్లెంలో పలచగా పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. వెచ్చటి కూర పెడితే లోపల ఆవిరి పట్టి బిళ్ల అడుగు మెత్తబడుతుంది, తట్ట మీదికి చేరేలోపే చిరుగుతుంది.

కోడిమాంసంతో అయితే లెక్క మారుతుంది. తొడ మాంసం కైమా 300 గ్రాములు తీసుకోవాలి. రొమ్ము భాగంలో కొవ్వు తక్కువ, పొడి వేడిలో రంపపు పొట్టులా అవుతుంది. ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, మిరియాలు, ఉప్పుతో పాటు రెండు పెద్ద చెంచాల చల్లటి నీళ్లు, ఒక చెంచా నూనె పోసి, ఒకే వైపు తిప్పుతూ జిగురొచ్చేదాకా కలపాలి. కూరగాయల్లో నీళ్లు పిండి, మాంసంలో నీళ్లు పోయడమేమిటంటే, కైమా ఆ నీటిని పట్టి ఉంచుతుంది, క్యాబేజీ వదిలేస్తుంది. దీన్ని ముందుగా వేయించనక్కర్లేదు, పచ్చిదే పెట్టాలి. కానీ నడిమధ్య వేడి 74 డిగ్రీలు దాటాలి. వేడి కొలిచే పుల్ల లేకపోతే అన్నిటికంటే లావుగా ఉన్నదాన్ని కోసి, ఎక్కడా గులాబీ రంగు లేదని చూడాలి.

ఒత్తడం దగ్గర బరంపురం ఇళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పడాలు చేసే ఊరు, సన్నటి కర్ర ప్రతి ఇంట్లో ఉంటుంది. 14 గ్రాముల ఉండలు చేసుకుంటే ఈ పిండికి 27, 28 వస్తాయి. ఒక్కోటి 9 సెంటీమీటర్ల బిళ్ల. అంచులు పలచగా, నడుమ కాస్త మందంగా. అప్పడానికి అంతా ఒకే మందం కావాలి, దీనికి వద్దు. అలవాటైన చెయ్యి ఇక్కడే మోసం చేస్తుంది. ఒత్తిన బిళ్లలు తడిగుడ్డ కిందే ఉండాలి. ఫ్యాన్ ఆపేయాలి. శ్రావణ మాసంలో ఫ్యాన్ ఆపి వంటింట్లో కూర్చోమనడం క్రూరమే, కానీ ఆరిన అంచు ఎంత తడి రాసినా అతుక్కోదు.

చంద్రగిరి మోమోలా పైన ముడులు తెచ్చి బొడిపె కట్టకండి. ఆవిరిలో ఆ బొడిపె ఉడుకుతుంది. ఓవెన్‌లో మాత్రం పై కొస మాడిపోతుంది, దాని కింది ముడతలు పచ్చిగా ఉంటాయి. ఇక్కడ పనికొచ్చేది అర్ధచంద్రమే. నడుమ ఒక పెద్ద చెంచాకి తక్కువగా, 14 గ్రాముల కూర పెట్టి, సగం అంచుకి మాత్రం తడి వేలు రాసి, మడిచి, లోపలి గాలిని కూర చుట్టూ వేళ్లతో అద్ది బయటికి తోసి మూయాలి. గాలి మిగిలితే వేడికి ఉబ్బుతుంది, అతుకు బలహీనంగా ఉన్నచోట పగులుతుంది. అంచుకి కూరలోని నూనె అంటినా అంతే. మూశాక కజ్జికాయ మెలిక తిప్పుకుంటే అందం, గట్టిదనం రెండూ. కూరగాయల వాటికి పైన పుల్లతో ఒక్క గాటు పెడితే ఆవిరి పోయే దారి దొరుకుతుంది.

ఓవెన్‌ని 200 డిగ్రీల దగ్గర, కింది కడ్డీ, పై కడ్డీ రెండూ పెట్టి, 15 నిమిషాలు ముందే వేడెక్కించాలి. దీపం ఆరగానే లోపల పెట్టేయకుండా ఇంకో అయిదు నిమిషాలు ఆగితే గోడలు కూడా వేడెక్కుతాయి, తలుపు తీసినప్పుడు వేడి అంతగా పడిపోదు. తట్టకి నూనె రాసి, మోమోల మధ్య వేలెడంత ఖాళీ ఉంచి పేర్చాలి. వాటి మీద పాలు కుంచెతో పూసి, తట్టని అల్యూమినియం కాగితంతో కప్పి మొదటి 8 నిమిషాలు ఉంచాలి. మూత కింద పొర తన తడిలో తాను ఉడుకుతుంది. తర్వాత కాగితం తీసి, నూనె పూసి, 12 నుంచి 14 నిమిషాలు. కోడిమాంసానికి ఇంకో మూడు నిమిషాలు. మధ్యలో ఒకసారి తట్టని ముందుది వెనక్కి తిప్పాలి. ఇళ్లలో ఉండే చిన్న ఓవెన్లలో వెనక మూల ఎప్పుడూ ముందు కాలుతుంది. పాలు పూయకపోయినా కరకరలాడుతాయి గానీ పాలిపోయి ఉంటాయి. ఎర్రటి రంగు పాలలోని చక్కెర, మాంసకృత్తుల వల్లే వస్తుంది. అడుగు తెల్లగా ఉంటే తట్టని ఒక మెట్టు కిందికి దించాలి, వేడి పెంచొద్దు.

మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ (వేడిగాలి తిప్పే పద్ధతి) ఉంటే ఇదంతా జరుగుతుంది. వట్టి మైక్రోవేవ్‌లో జరగదు, పొర తోలులా తయారవుతుంది. ఏ ఓవెనూ లేకపోతే పాత మందపాటి మూకుడులో రెండు గుప్పెళ్ల ఉప్పు పరిచి, కుదురు పెట్టి, మూత వేసి, మధ్య మంట మీద 10 నిమిషాలు కాగనిచ్చి, చిన్న పళ్లెంలో అయిదేసి పెట్టి కాల్చొచ్చు. దాదాపు అరగంట పడుతుంది. వేడి కింద నుంచే కాబట్టి పైన రంగు రాదు, సగంలో తిరగెయ్యాలి. రజ పండక్కి ఒడియా వాళ్లు పోడపిఠా కాల్చేటప్పుడు మూత మీద కూడా నిప్పులు వేసేది ఇందుకే. కుంపటి ఉన్నవాళ్లు అదే చేయొచ్చు. కుక్కరు మాత్రం వాడొద్దు. రబ్బరు తీసేసినా, నీళ్లు లేకుండా అంతసేపు కాల్చితే దాని అడుగు పాడవుతుంది.

ఇక చట్నీ. బండి మీద ఇచ్చే చిక్కటి ఎర్ర చట్నీ ఆవిరి మోమోకి సరిపోతుంది, ఎందుకంటే మోమోనే తడిగా ఉంటుంది. కాల్చిన మోమోకి అదే పెడితే పొడి మీద ముద్ద. దీనికి కాస్త జారుగా, పుల్లగా, నువ్వుల జిడ్డుతో ఉన్నది కావాలి. తెల్ల మయొనైజ్ గురించి ఏమీ అనదలచుకోలేదు.

ఓవెన్ వేడెక్కే సమయాన్ని వృథా చేయకుండా, 300 గ్రాముల టమాటాలు సగాలుగా కోసి, పొట్టు తీయని ఆరు వెల్లుల్లి రెబ్బలతో తట్టలో పెట్టేస్తే 20 నిమిషాల్లో మెత్తబడి, అంచులు నల్లబడతాయి. ఎండుమిరపకాయలు ఓవెన్‌లో పెట్టొద్దు, రెండు నిమిషాల్లో మాడి చేదెక్కుతాయి. రంగుకి అయిదు కాశ్మీరీ, కారానికి మూడు మామూలువి, గింజలు దులిపి, 20 నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టాలి. రెండు పెద్ద చెంచాల నువ్వులు సన్నసెగ మీద చిటపటమనేదాకా వేయించాలి, ఎర్రబడ్డాయంటే దాటిపోయినట్టే. మిక్సీలో ముందు నువ్వులు పొడిగా, తర్వాత మిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు, చివర టమాటాలు. వరస మారి టమాటా ముందు పడితే నువ్వులు నీళ్లలో తేలి ఎంత తిప్పినా నలగవు. టమాటా వేశాక ఎక్కువసేపు తిప్పినా గాలి పట్టి ఎరుపు పోయి నారింజ రంగుకొస్తుంది. నాలుగైదు చెంచాల నీళ్లతో జారు చేసి, ఒక పెద్ద చెంచా ఆవనూనెని పొగ వచ్చేదాకా కాచి, దించి, ఒక నిమిషం ఆగి, పావు టీ చెంచా టిముర్ పొడి అందులో వేసి చట్నీ మీద పోయాలి. అది నేపాలీలు వాడే, నాలుక చిమచిమలాడించే కాయ. పైపొట్టే వాడాలి, లోపలి నల్లగింజ ఇసుకలా పంటికి తగులుతుంది. లేకపోతే మానేయండి, మిరియాలు దానికి బదులు కావు. చల్లారాక ఒక టీ చెంచా వెనిగర్, చిటికెడు పంచదార. గంట ఆగితే కారం, పులుపు కలిసిపోతాయి. ఫ్రిజ్‌లో మూడు రోజులుంటుంది. గట్టిపడితే వేడినీళ్లు ఒక చెంచా.

నలుగురికి ఇరవై చాలు. మిగిలిన ఏడెనిమిదిని కాల్చకుండా పళ్లెంలో విడివిడిగా పెట్టి రెండు గంటలు గడ్డకట్టించి, తర్వాత డబ్బాలో వేసుకోవాలి. ముందే డబ్బాలో వేస్తే ఒకే ముద్ద. కాల్చేటప్పుడు కరగనివ్వొద్దు, అడుగు తడిసి అంటుకుంటుంది. గడ్డగానే 190 డిగ్రీల దగ్గర దాదాపు అరగంట. కాలినవి మిగిలితే పెనం మీద మూత పెట్టి సన్నసెగన వెచ్చబెడితే మళ్లీ కరకరలాడతాయి. సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోతుందనుకుంటే మధ్యాహ్నమే కాల్చి పెట్టుకోవడం నయం, ఇంటి ఇన్వర్టరు ఓవెన్‌ని మొయ్యలేదు.