విశాఖ చినవాల్తేరు ఇంట్లో పాత మెయిన్: మూడు ఆదివారాల పని

జనవరి నుంచి సెలవు రోజుల్లో మా డీబీ (ఇంటి కరెంటుని గదులకి పంచే పెట్టె) ముందు కూర్చుని, ఏ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చి) ఏ గదిదో కనిపెట్టి పట్టిక రాసుకుంటున్నాను. పదకొండు సర్క్యూట్లు తేలాయి. మే వచ్చేసరికి ఆ పని పక్కన పెట్టి, ఇల్లంతటికీ కరెంటు ఆపే మెయిన్ సంగతి చూడాల్సి వచ్చింది.

మధ్యాహ్నం రెండు ఏసీలు నడుస్తుండగా అమ్మ ఇస్త్రీపెట్టె పెడితే, పావుగంటలో ఇల్లంతా కరెంటు పోయేది. పడిపోతున్నది ఆ గది ఎంసీబీ కాదు, మెయినే. అదీ ఒక ఎంసీబీయే, 40 ఆంపియర్ల డబుల్ పోల్, అంటే ఫేజు, న్యూట్రల్ రెండింటినీ తెంపేది. 1998లో ఇల్లు కట్టినప్పుడు నాన్నగారు దగ్గరుండి పెట్టించారు. అప్పటి నుంచి దాన్ని ఎవరూ విప్పలేదు. ఒక షాపులో అడిగితే, "63 వేసేయండి, ఇంక పడదు" అన్నారు. మీటరు నుంచి డీబీకి వచ్చేది 6 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు) రాగి వైరు. దానికి 40 సరిపోయింది. 63 వేస్తే పడకపోవడం నిజమే, కానీ వైరు కాలుతున్నా పడదు. దయచేసి ఆ సలహా ఎవరూ తీసుకోకండి.

మొదటి ఆదివారం కొలతలతోనే గడిచింది. రెండు ఏసీలు, ఇస్త్రీపెట్టె కలిపి క్లాంప్ మీటర్‌లో (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) 19 ఆంపియర్లు చూపించింది. 40కి సగం కూడా కాదు. ఇళ్లలో వాడే ఎంసీబీ తన రేటింగుకి 1.13 రెట్ల కరెంటుని గంటసేపు పడకుండా మోయాలి, 1.45 రెట్లయితే గంటలోపు పడిపోవాలి. ఆ లెక్కన మాది 45 ఆంపియర్లని మోయాలి, 58 దగ్గర పడాలి. 19కే పడుతోందంటే లోడు ఎక్కువై కాదు, అక్కడే ఎక్కడో వేడి పుడుతోందన్నమాట. ఎంసీబీ లోపల రెండు లోహాలు అతికించిన చిన్న పట్టీ ఉంటుంది. వేడెక్కితే వంగి, మీటని పడేస్తుంది. ఆ వేడి తనలో పారే కరెంటుదో, పక్కనున్న వదులు స్క్రూదో దానికి తెలియదు.

అది తేల్చడానికి చేసిన పని ఇది. లోడు నడుస్తుండగా మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబ్ ఫేజు పోల్ పై స్క్రూకి, రెండోది అదే పోల్ కింది స్క్రూకి ఆనించాను. మంచి మెయిన్ అయితే అక్కడ దాదాపు సున్నా రావాలి. నాకు 0.46 వోల్టులు వచ్చింది. న్యూట్రల్ పోల్ మీద 0.06 మాత్రమే. 0.46ని 19తో హెచ్చిస్తే దాదాపు 9 వాట్లు. గదికి వెలుగిచ్చే ఎల్‌ఈడీ బల్బు తినేంత శక్తి, గోరంత చోట ఊరికే వేడిగా మారుతోంది. థర్మామీటర్ గన్ పెడితే ఫేజు వైపు 74 డిగ్రీలు, న్యూట్రల్ వైపు 41. మూత మీద చెయ్యి వేస్తే మాత్రం కాస్త వెచ్చగా ఉంది, అంతే. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

కరెంటు ఉండగా మూత తీసి కొలవడం అలవాటు లేనివాళ్లు చేయకూడదు. నేను ఇలాంటి బోర్డుల మీద వాడదగ్గ క్యాట్ త్రీ రకం మీటరు వాడాను, రబ్బరు మ్యాట్ మీద నిలబడ్డాను, పక్కన మా తమ్ముణ్ణి ఉంచుకున్నాను.

రెండో ఆదివారం మార్పిడి. మెయిన్ ఆపేసినా దాని పై స్క్రూల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది, ఎందుకంటే అది నేరుగా మీటరు నుంచి వస్తుంది. మీటరు సీలు మనం ముట్టుకోకూడదు. అందుకని కరెంటాఫీసులో ముందే చెప్పుకుంటే లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర సర్వీసు విప్పారు. పని చేసింది లైసెన్సున్న మా వీధి ఎలక్ట్రీషియన్ బాబాయ్, నేను చేతికి అందించాను. ఫేజు స్క్రూ తిరగలేదు. బాబాయ్ టార్చి వేసి చూసి, "పైకి బాగానే ఉంది గానీ, లోపల ఎప్పుడో పోనాది బాబూ" అన్నాడు.

విప్పాక చూస్తే ఇత్తడి బిగింపు నిండా పచ్చటి చిలుము. వైరు తొడుగు అంగుళంన్నర మేర గట్టిపడి, గోటితో నొక్కితే అప్పడంలా విరిగింది. ప్లాస్టిక్ ఆ మూల పాతబెల్లం రంగుకి తిరిగింది. మా డీబీ వరండాలో ఉంటుంది, సముద్రం పక్క వీధుల అవతలే. ఉప్పుగాలి ఎలాగూ ఉంది. దానికి తోడు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వరండాలోకి వాన అడ్డంగా కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చాక బోర్డు పైపైన తుడిచి స్విచ్చి వేసేశాం. ఆ రోజు విప్పి స్క్రూలు చూసుకోవాల్సింది.

పాతదాన్ని పారేయనివ్వలేదు. రివెట్లు డ్రిల్ చేసి టేబుల్ మీద తెరిచాను. మీట బిగుసుకుపోయింది, గ్రీజు ఎండి జిగురైంది. ఫేజు కాంటాక్టు మీది వెండి పూత ఒక పక్క గుంటలు పడి నల్లబడింది, న్యూట్రల్ కాంటాక్టు ఇంకా మెరుస్తోంది. నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ బిగుసుకున్న మీటే. షార్ట్ సర్క్యూట్ వచ్చిన రోజున ఇది సమయానికి విడిపోయేదని నమ్మకం లేదు.

కొత్తది కూడా 40 ఆంపియర్లే: సీ కర్వ్ (మోటార్లు మొదలయ్యేటప్పటి క్షణకాలపు కరెంటుకి పడని రకం), డబుల్ పోల్, షార్ట్ సర్క్యూట్‌లో 10 కిలో ఆంపియర్ల దాకా తెంపగలిగేది. పక్కన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌లోకి లీకైతే పడిపోయే స్విచ్చి. రెండూ కలిపి మూడు వేల చిల్లర. పాత వైరు కొసని ఎర్రటి రాగి కనిపించేదాకా కోసేశాం. ఇది చేయకుండా మెయిన్ ఒక్కటే మారిస్తే సగం పనే, ఆ నల్లకొస కొత్త స్క్రూని కూడా కాల్చేస్తుంది. బిగింపు చేతి లెక్కన కాకుండా, ఎంసీబీ పక్కన ముద్రించిన టార్క్ (ఎంత బలంతో తిప్పాలన్న అంకె) ప్రకారం చేశాం. అదే లోడుతో మళ్లీ కొలిస్తే 0.05 వోల్టులు, అంటే ఒక్క వాటు.

ఆ సాయంత్రమే ఆర్‌సీసీబీ పడడం మొదలైంది. మూడో ఆదివారమంతా దానితోనే. అన్ని ఎంసీబీలు ఆపి ఒక్కొక్కటే వేస్తే దొరుకుతుందనుకున్నాను. దొరకలేదు, ఏది వేసినా పడుతోంది. న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కి తగిలితే ఇలాగే ఉంటుంది, గదుల ఎంసీబీలు ఫేజుని మాత్రమే తెంపుతాయి కదా. మెయిన్ ఆపి, న్యూట్రల్ లింకులోంచి (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) వైర్లు ఒక్కొక్కటిగా తీస్తూ వచ్చాను. ఎనిమిదోది తీశాక నిలబడింది. అది వరండా సాకెట్టుది. పెట్టె తెరిస్తే న్యూట్రల్, ఎర్త్ రెండూ ఒకే స్క్రూ కింద ఉన్నాయి. ఎప్పుడో వైరు చాలక ఎవరో అలా కలిపేశారు. అమ్మ తడిబట్టలు ఆరేసేది దాని పక్కనే.

ప్రస్తుతానికి ఆ సర్క్యూట్ ఫేజు, న్యూట్రల్ రెండూ విప్పి టేపు చుట్టాను. మిగతా ఇంట్లో వారంగా ఆర్‌సీసీబీ ఒక్కసారి కూడా పడలేదు. స్క్రూలు మళ్లీ చూసుకున్నాం, ఒకటి పావు చుట్టు తీసుకుంది. నిన్న మధ్యాహ్నం అదే లోడుకి ఫేజు వైపు 43 డిగ్రీలు. మార్చిన తేదీ, ఈ అంకెలు కాగితం మీద రాసి డీబీ తలుపు లోపల అంటించాను. వరండాకి కొత్త పైపు, మూడు వైర్లు కొనాలి. బాబాయ్ వచ్చే ఆదివారం వస్తానన్నాడు.