అరుగేదైనా ఉందేట్రా?

నిన్న సాయంత్రం విజయనగరం ఊరి చివర మాల్‌కి అమ్మని తీసుకెళ్లాను. పది నిమిషాలు తిరిగేసరికి మోకాళ్లు పట్టుకుని "కూకోడానికి అరుగేదైనా ఉందేట్రా?" అంది. ఎక్కడా లేదు. గంటస్తంభం దగ్గర బట్టల కొట్లో అయితే చెప్పులు బయట విప్పి తెల్ల పరుపు మీద కూర్చుంటే, ముందు మంచినీళ్లిచ్చి తర్వాతే చీర మడత విప్పేవాళ్లు.

నాకు విక్టర్ గ్రూన్ గుర్తొచ్చాడు. వియన్నాలో పుట్టి, 1938లో నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన ఆర్కిటెక్ట్. 1956లో మినెసోటాలోని ఎడైనా శివారులో తెరిచిన సౌత్‌డేల్ ఆయన గీసిందే, మొత్తం కప్పు వేసి లోపల ఏడాదంతా ఒకే వాతావరణం ఉండేలా కట్టిన మొదటి మాల్. తన వియన్నా వీధుల్లోలాగా జనం కలిసి కూర్చోవాలని, చుట్టూ ఇళ్లు, బడి, ఆసుపత్రి, పార్కు, చెరువు కూడా రావాలని ఆయన ఆశ, కానీ చివరికి మిగిలింది కొట్లూ కార్ల పార్కింగూ. పాపం, ముసలితనంలో ఈ మాల్స్‌తో తనకు ఏ సంబంధమూ లేదన్నాడు. ఆ మాట చదివినప్పుడు నిజంగా బాధేసింది.

ఆఖరికి బయట మెట్ల మీద కూర్చోబెట్టాను. రెండు నిమిషాల్లో పక్కనున్న పెద్దావిడని "ఏ ఊరమ్మా మీది?" అని అడిగేసింది. బొబ్బిలట.